పిలుపు డబ్బా

"వాసన తీసేసుకుంటే పిల్లలో ఏమన్నా తరుగుద్దాండీ?"

ఆ గదిలో అడుగుపెట్టగానే నేను అన్న మొదటి మాట అది. అప్పటికింకా ఏమీ మొదలవలేదు. మా పెద్దమ్మాయి ప్రసూన ఎత్తు బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది. హెప్సిబా మేడం చేతిలో తెల్లటి నైలాన్ మేజోళ్ళ జత ఉంది. మా ఆయన గంగరాజు గుమ్మం బయటే చెప్పులు విప్పి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు.

"అమ్మా, అప్పుడే మొదలెట్టకు," అంది ప్రసూన.

"అడగనివ్వమ్మా," అన్నారు మేడం. ఆవిడ డాక్టరే గానీ సూదులు వేసే డాక్టరు కాదు, దోమల మీద చదువుకున్న డాక్టరు. "వాసనంటే రక్తంలాంటిది కాదు వీరవేణిగారూ. దీపం వెలుగులాంటిది. ఆ వెలుగులో ఎంతమంది చదువుకున్నా దీపానికేం తగ్గదు."

"చమురు తగ్గుద్ది కదండీ," అన్నాను.

ప్రసూన పకపకా నవ్వింది. మేడం మాత్రం నవ్వబోయి ఆగి, మేజోళ్ళు నా చేతిలో పెట్టారు. "ఇవి ఒక పగలూ ఒక రాత్రీ వేసుకుంటే చాలు. సబ్బు వద్దు, నూనె వద్దు, పౌడరు వద్దు, పువ్వులు కూడా పెట్టుకోకూడదు. ఉత్త ప్రసూన కావాలి మాకు."

నా సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పిల్ల దగ్గితే క్షయ అనుకుంటాను. ఆయన రావడం ఆలస్యమైతే బండి ఉప్పుటేరులో పడిందనుకుంటాను. అందుకే నేను ఏమడిగినా మా వాళ్ళకి అది గోడ మీద గడియారం కొట్టినట్టే ఉంటుంది. విన్నట్టే ఉంటారు, ఎవరూ పట్టించుకోరు.

తిరుగు ప్రయాణంలో ఐసు బండి ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఆయన హార్బరులో పడవలకి ఐసు తోలతారు. బండిలో ఎప్పుడూ చల్లటి తడి గోనెల వాసన ఉంటుంది. నేను మళ్ళీ అదే అడిగాను.

"తరుగుద్దాండీ?"

"తరిగితే తరిగిందిలే," అన్నారాయన గేరు మారుస్తూ. "ఆ మేజోళ్ళ కంపు భరించలేక చస్తన్నాం. కాస్త తగ్గుద్ది."

"నాన్నా," అని ప్రసూన ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది.

"ఏం చేత్తామే. మిగతా ఆడపిల్లలకి పెళ్ళి సంబంధాలొస్తాయి. మా పిల్లకి దోమల సంబంధాలొస్తన్నాయి."

ముగ్గురిలో ఇద్దరు నవ్వారు. నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆయన అన్న మాట అబద్ధం కాదు. మేముండేది కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరుకి దగ్గర్లో. దోమలకి కొదవ లేని చోటు. కానీ మా ఇంట్లో మాత్రం దోమలు ప్రసూననే కుట్టేవి. పొయ్యేటప్పుడు చెప్పి పోయినట్టు కరెంటు రోజూ సాయంత్రం ఒకే వేళకి పోయేది. అందరం అరుగు మీదకొచ్చి కూర్చునేవాళ్ళం. మా చిన్నమ్మాయి లిఖిత వెళ్ళి అక్కకి అతుక్కుని కూర్చునేది. అక్క మీద ప్రేమకి కాదు. అక్క పక్కనుంటే దోమ తన జోలికి రాదని.

"నువ్వు నా దోమతెరవే అక్కా," అనేది లిఖిత.

"అయితే నెలనెలా నాకు అద్దె కట్టు," అనేది ప్రసూన, కాళ్ళు గోక్కుంటూ.

అంతకుముందే కాలేజీలో దోమలాఫీసు వాళ్ళు పిల్లలందరి దగ్గరా వేసుకున్న మేజోళ్ళు అడిగి తీసుకున్నారట. దోమలాఫీసని పేరు పెట్టింది మా ఊరి జనమే. లోపల వాళ్ళు దాన్ని ఏదో పరిశోధన కేంద్రమంటారు. రెండు పాయలుగా చీలిన పెద్ద గాజు గొట్టం ఉంటుంది. ఒక పాయలో ఒకరి మేజోడు, రెండో పాయలో ఇంకొకరిది. గొట్టం మొదట్లో ఆడ దోమల్ని వదులుతారు. అవి ఎటు వెళ్తే వాళ్ళ వాసన దోమకి ఎక్కువ ఇష్టమన్నట్టు. ప్రసూన మేజోడు ఏ పాయలో పెట్టినా రెండో పాయ ఖాళీగా ఉండిపోయేదట. అలా మా పిల్ల వాళ్ళ కళ్ళలో పడింది.

ఆ వాసనలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి, అవే పాళ్ళలో మళ్ళీ కలిపి సీసాలో పోస్తామన్నారు. ఆ సీసా ఒక నల్ల డబ్బాలో పెట్టి వీధి స్తంభానికి కట్టాలి. ఊళ్ళో దోమలు మనిషిని వదిలేసి డబ్బాలోకి పోవాలి. పోయినవి తిరిగి రాకూడదు. డెంగీకి మందు లేదు కాబట్టి దోమనే మాయ చెయ్యాలన్నది వాళ్ళ ఆలోచన.

సీసా తయారయ్యాక మమ్మల్నందర్నీ పిలిచారు. నీళ్ళలా ఉంది. మేడం బిరడా తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. పాలు తాగి నా భుజం మీద నిద్రపోయిన పసిపిల్ల మెడ వాసన. బడి నించి చెమటతో వచ్చిన పిల్ల జడ వాసన. రెండూ ఒకటే. అది నా కూతురు. కూతురేమో అవతల కిటికీలోంచి కాకుల్ని చూస్తోంది.

"నాకేం రావట్లేదే," అంది ప్రసూన సీసా వాసన చూసి.

"ఎవరి వాసన వాళ్ళకి తెలీదు," అన్నారు మేడం. "నిజానికి ఇంత కొంచెం మనిషి ముక్కుకి ఆనదు. మాకెవరికీ తెలియలేదు. మీకెలా తెలిసిందో మరి."

ఆయన కూడా వాసన చూశారు. పెదవి విరిచారు. "నాకు ఐసు వాసన తప్ప ఇంకేం తెలీదండి. నా ముక్కు ఎప్పుడో గడ్డ కట్టేసింది."

డబ్బాలు ఊళ్ళో కట్టకముందే వానలు మొదలయ్యాయి. ప్రసూనకి జ్వరం వచ్చింది.

దాని గురించి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం చూశారు, డెంగీ అన్నారు. నీళ్ళు తాగించమన్నారు, తాగించాం. తరువాత జ్వరం దిగింది. ఒళ్ళు చల్లబడింది. జీవితంలో మొదటిసారి నేను భయపడడం మానేశాను. చారు పెట్టాను. పిల్ల రెండు ముద్దలు తిని, "ఉప్పెక్కువేశావు," అంది. డెంగీలో జ్వరం దిగిన తరువాతే అసలు గండం ఉంటుందని మాకప్పటికి తెలియదు. సాయంత్రానికి చేతులు మంచులా అయిపోయాయి. ఆయన ఐసు బండిలోనే పడుకోబెట్టి మళ్ళీ తీసుకెళ్ళాం. మర్నాడు ఒట్టి బండిలో తిరిగొచ్చాం.

హెప్సిబా మేడం వచ్చి మా ఇంట్లో చాప మీద కూర్చున్నారు. తమ దోమలు గుడ్డు నించి ఆఫీసులోనే పెరిగినవనీ, వాటిలో రోగం ఉండదనీ, పిల్లకి వచ్చింది ఊరి దోమ నించేననీ చెప్పారు. నేను తలూపాను. నమ్మాను. నమ్మినా నమ్మకపోయినా చెయ్యగలిగింది ఒకటే, తలూపడం.

నాకు ఏడుపు రాలేదు. అందరూ నా మొహంలోకి చూశారు వస్తుందేమోనని. రాలేదు. ఎంగిలి కంచాలు కడిగాను. లిఖితకి జడ వేశాను.

మా ఇళ్ళలో మైల ఉన్నన్ని రోజులూ ఏదీ ముట్టుకోనివ్వరు. పెద్దకార్యం నాటికి ఇల్లంతా కడగాలి. మా ఆడపడుచులు వచ్చి అంతా వాళ్ళే చూసుకున్నారు. చాకలికి వెయ్యాల్సినవి వేశారు. మిగిలినవి సర్ఫులో నానబెట్టి ఉతికి ఎండేశారు. దుప్పట్లు, దోమతెర, లంగాఓణీలు, పిల్ల కాలేజీ సంచి, తలకి కట్టుకునే తువ్వాలు. దిండు విప్పి దూది ఎండలో పోశారు. నేల ఫినాయిలుతో కడిగారు. వాళ్ళలో ఎవరూ తప్పు చెయ్యలేదు. ఎవరింట్లోనైనా అలాగే చేస్తారు. నేను కూడా వెళ్ళిన చోటల్లా అలాగే చేశాను.

తరువాత ఒక మధ్యాహ్నం బీరువా తెరిచి ప్రసూన ఓణీ మొహానికి పెట్టుకున్నాను. సర్ఫు వాసన. దిండు, సర్ఫు. సంచిలో తల పెట్టాను. ఎండ వాసన వేసింది. వస్తువులన్నీ ఉన్నాయి. ఒక్కటీ దానిది కాదు. బీరువా మూసి, పొయ్యి మీద అన్నం పొంగుతుంటే వెళ్ళి మంట తగ్గించాను.

ఆయన మాట్లాడడం మానేశారు. కోపం కాదు. అన్నం పెడితే తింటారు, చెయ్యి కడుక్కుంటారు, బండి తీసుకుని వెళ్తారు. నేనేదైనా అడిగితే నా వంక చూస్తారు. ఆ చూపులో జవాబు ఉందేమోనని కాసేపు వెతికేదాన్ని. చేపతో కూడా మాట్లాడే మనిషి. హార్బరులో ఆయన ఐసు కంటే ఆయన కబుర్లకే గిరాకీ అనేవాళ్ళు. ఇప్పుడు మా అరుగు మీద కరెంటు పోయిన వేళ లిఖిత ఒక్కత్తే ఏదో ఒకటి వాగుతూ ఉండేది, ఇంట్లో నిశ్శబ్దం తన తప్పన్నట్టు.

వానలు తగ్గాక డబ్బాలు కట్టారు. మా సందు మూల స్తంభానికి కూడా ఒకటి. నల్లగా, బిందె మూతంత ఉంటుంది. దోమల్ని పిలుస్తుంది కాబట్టి జనం దాన్ని పిలుపు డబ్బా అన్నారు.

ఆ ఉదయం పాలకి వెళ్తున్నాను. స్తంభం దాటాను. దాటిన కాళ్ళు ఆగిపోయాయి.

పిల్ల తలంటు పోసుకోని శనివారం ఎలా ఉండేదో అలా ఉంది గాలి. వెనక్కి తిరిగితే ఉందనిపించింది. తిరగలేదు. అలాగే నిలబడ్డాను. పాలవాడు సైకిలు మీద వెళ్ళిపోతూ బెల్లు కొట్టాడు.

ఎదురింటి సూరమ్మత్త చూసి వచ్చింది. "ఏమ్మా ఈరేణీ, కళ్ళు తిరుగుతన్నాయా?"

"వాసన వస్తంది అత్తా."

ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "మురిక్కాలవ వాసన. నీకింకేం వస్తంది? ఆ డబ్బాదైతే ప్లాస్టికు కంపు."

"కాదు. పిల్లది."

సూరమ్మత్త నోటి దురుసుకి పేరు పడిన మనిషి. ఆ రోజు మాత్రం నా చేతిలో గిన్నె తీసుకుని తనే పాలు పోయించుకొచ్చింది.

ఆ రోజు నించి పాలకీ, కూరకీ, బియ్యానికీ అన్నిటికీ మూల మీంచే వెళ్ళాను. ఊళ్ళో ఎక్కడికెళ్ళినా ప్రతి సందు మూలా పిల్ల ఉంది. మసీదు సెంటరులో ఉంది. చేపల మార్కెట్టు దగ్గర చేపల కంపులో కూడా సన్నగా ఉంది. దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. సంతోషమూ కాదు. తిమ్మిరెక్కిన కాలు నేల మీద పెట్టినప్పుడు నేల ఉందని మాత్రం తెలుస్తుంది చూడండి, అలాంటిది.

సాయంత్రం ఆయన రాగానే అడిగేదాన్ని. "మూల స్తంభం దగ్గర వాసన మీకు తెలుస్తందా?"

ఆయన నా వంక చూసేవారు. చెప్పులు గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ అడిగేదాన్ని. అన్నం పెట్టమంటారా అని అడిగినట్టే అయిపోయింది అది కూడా.

ఒకసారి హార్బరు నించి పడవ నడిపే సరంగు ఒకడు ఇంటికొచ్చాడు. "వదినా, అన్నయ్యకేమన్నా ఒంట్లో బాగోలేదా? ఈమధ్య ఐసు సగం నీళ్ళై వస్తంది. ఫ్యాక్టరీ నించి హార్బరుకి ఎంత దూరమని? ఎక్కడ తిరుగుతన్నాడో తెలీదు. అడిగితే పలకడు." నాకు మామూలుగా అయితే వంద భయాలు పుట్టాలి. ఒక్కటే పుట్టింది, ఈయన మందు తాగుతున్నారేమోనని. అడిగాను. చూశారు. అంతే.

డబ్బాలు మంచి పని చేశాయి. దాన్ని కాదనలేను. ఆ ఏడు ఆసుపత్రిలో జ్వరాల వార్డు ఖాళీగా ఉందని చెప్పుకున్నారు. ఆడవాళ్ళు స్తంభాలకి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఎవరో మా మూల డబ్బాకి మల్లెదండ వేశారు. మేడం పువ్వులు వద్దన్న సంగతి గుర్తొచ్చి, దండ తీసి పక్కన పెట్టాను. లిఖిత డబ్బా కిందకెళ్ళి నిలబడి కాళ్ళు చూసుకుంది. ఒక్క కాటూ లేదు.

"అక్క ఇక్కడ కూడా దోమల్నే పోగేస్తందమ్మా," అంది.

ఆ మరుసటి ఏడు కూడా బాగానే ఉంది. తరువాత వానాకాలంలో, డబ్బాలు శుభ్రం చేసే మనిషి మా మూల డబ్బా విప్పి దులిపితే దుమ్ము రాలింది. దోమలు లేవు. ఊళ్ళో దోమలే లేవేమో అనుకున్నాం. మా ఇంట్లో లిఖిత కాళ్ళు మాత్రం ఎర్రగా దద్దుర్లేసి ఉన్నాయి. నేను సాయంత్రం నాలుగుకే తలుపులు మూసి వేపాకు పొగ వేశాను. ఆ వారమే సూరమ్మత్త మనవరాలికి జ్వరం వచ్చింది. ఆ పిల్లకి ఐదేళ్ళు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని సూరమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. "జ్వరం దిగితే ఏం చెయ్యాలే ఈరేణీ? నీకు తెలుసు కదా. చెప్పవే," అంది. దిగినా ఇంటికి తీసుకెళ్ళకండి అని మాత్రం చెప్పాను. పిల్ల బతికింది. పక్క మంచం మీది పిల్ల బతకలేదు.

మేడం కబురు పెడితే దోమలాఫీసుకి వెళ్ళాను. అదే గది. అదే గాజు గొట్టం. ఆవిడ తల మీద తెల్ల వెంట్రుకలు వచ్చాయి.

"ఇవి మన ఊరి గుడ్ల నించి పెంచిన దోమలు," అని ఒక పాయలో ప్రసూన సీసాలో ముంచిన గుడ్డ పెట్టారు. రెండో పాయలో ఏమీ పెట్టలేదు. ఉత్త గాలి. దోమల్ని వదిలారు.

అవి చీలిక దాకా వచ్చాయి. కాసేపు అక్కడే తిరిగాయి. తరువాత ఒక్కొక్కటీ ఖాళీ పాయలోకి వెళ్ళిపోయాయి. ప్రసూన ఉన్న పాయలో ఒక్కటీ లేదు.

"ఆ వాసన ఇష్టమైన దోమలన్నీ డబ్బాల్లోకెళ్ళి చచ్చిపోయాయి," అన్నారు మేడం. "ఎక్కడో నాలుగు ఇష్టం లేనివి ఉంటాయి కదా. అవి బతికి పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లల్లో ఇంకా గిట్టనివి మిగిలాయి. ఇప్పుడు ఊళ్ళో ఉన్నవన్నీ వాటి సంతతే. ఇలా అవుతుందని మాకు తెలుసు. ఇంత త్వరగా అవుతుందనుకోలేదు."

నేను గాజు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. బతికున్నన్నాళ్ళూ వదలని దోమలు కూడా ఇప్పుడు నా పిల్లని వద్దన్నాయి. ఈ మాట బయటికి అన్నానో లేదో తెలియదు. మేడం కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చున్నారు.

"డబ్బాలు దించేస్తున్నామండీ. ఇంక పనికిరావు. కానీ వీరవేణిగారూ, చూశారు కదా, ఇప్పుడు ఆ వాసనంటే అవి పారిపోతున్నాయి. అదే నీళ్ళు పిల్లల చేతులకి, మెడకి రాస్తే దోమ వాలదు. బడి పిల్లలందరికీ ఇద్దామనుకుంటున్నాం. నన్నెవరూ మిమ్మల్ని అడగమనలేదు. నాకే మీరు ఊ అనకుండా చెయ్యబుద్ధి కాలేదు. స్తంభానికి కట్టడం వేరు, ఊళ్ళో పిల్లలందరి ఒంటికీ రాయడం వేరు."

"నేను వద్దంటే?"

"ఇంకో దారి వెతుకుతాం. ఆలస్యమవుతుంది. ఈ వానాకాలానికి అందదు."

పక్క మంచం మీది పిల్ల కాళ్ళు దుప్పటి కింద నించి కనిపిస్తూ ఉండడం గుర్తొచ్చింది.

"మళ్ళీ మారవాండీ దోమలు?" అని అడిగాను. "మొదట ఇష్టపడ్డాయి. ఇప్పుడు గిట్టదు. గిట్టనివి పిల్లల్ని ముట్టక ఆకలికి చచ్చిపోతే, ఇష్టపడేవి మిగులుతాయి. అప్పుడు ఊళ్ళో పిల్లలందరూ మా ప్రసూనలైపోతారు కదా."

"మారతాయి," అన్నారు మేడం. ఆవిడ ఎప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదు. "నెలనెలా ఈ గొట్టంలో చూస్తూ ఉంటాం. మార్పు మొదలవగానే ఆపేస్తాం."

"ఆపడం మర్చిపోతే?"

ఆవిడ బల్ల మీద చిన్న సీసా పెట్టి, "ముందు మీ లిఖితకి," అన్నారు. "మీరు ఊ అన్నా వద్దన్నా ఇది మీదే."

కొంగు కొసన ముడేసుకుని నడిచి ఇంటికొచ్చాను. నిజం చెప్పాలంటే, నా అసలు భయం దోమలు మారతాయని కాదు. రేపు ఎవరో తల్లి తన పిల్లని ఎత్తుకుని మెడలో మొహం పెడుతుంది. ఈ వాసన పీల్చి, ఇది నా పిల్ల అనుకుంటుంది. ఆ పిల్ల పెద్దదై దూరమైతే, ఈ వాసనే తలుచుకుంటుంది. ఊళ్ళో పిల్లలందరిదీ అయ్యాక అది నా పిల్లది ఎలా అవుతుంది? వద్దంటే మాత్రం ఏముంది. డబ్బాలు ఎటూ దిగిపోతున్నాయి. ఈ సీసా అయిపోతే, ఇంక ఎక్కడా ఉండదు. రెండు వైపులా పోవడమే కనిపించింది నాకు. గొట్టం చీలిక దగ్గర దోమలా ఉన్నాను.

మా మూల స్తంభానికి అప్పటికే డబ్బా లేదు. పసుపు రాసిన మచ్చ, ఎండిపోయిన బొట్టు ఉన్నాయి. కింద నిలబడి ఊపిరి పీల్చాను. మురిక్కాలవ వాసన వచ్చింది. సూరమ్మత్త చెప్పింది నిజమే.

సాయంత్రం కరెంటు పోయింది. అరుగు మీద లిఖిత పుస్తకంతో విసురుకుంటూ కాళ్ళు కొట్టుకుంటోంది. నేను పక్కన కూర్చుని కొంగు ముడి విప్పాను.

"ఏంటది?"

"అక్కది. దోమలు కుట్టవంట. రాయనా?"

లిఖిత సీసా వంక చూసింది. ఇంకేమీ అడగకుండా చెయ్యి చాపింది. మణికట్టు మీద రాశాను, మెడ మీద, చీలమండల మీద. మా అరుగంతా నిండిపోయింది. లిఖిత కాళ్ళు ముడుచుకుని, ఎవరో పక్కన ఉన్నట్టు ఒక వైపుకి జరిగి కూర్చుంది. కాసేపటికి విసురుకోవడం మానేసింది.

ఐసు బండి వచ్చి ఆగింది. ఆయన దిగారు. చెప్పులు గోడకి ఆనించబోయి, వంగినవారు అలాగే ఉండిపోయారు.

నేను అడిగాను. రోజూ అడిగేదే, నోటికి అలవాటైపోయింది. "మీకు తెలుస్తందా?"

ఆయన మెల్లగా వచ్చి లిఖితకి అవతల పక్కన కూర్చున్నారు. చిన్నదాని చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మేడం ఏమన్నారో, డబ్బాలు ఎందుకు దింపుతున్నారో, ఊళ్ళో పిల్లలందరికీ ఏం రాస్తామంటున్నారో, దోమలు మళ్ళీ మారితే ఏమవుతుందో అంతా చెప్పాను. ఇస్తే అది మన పిల్లది కాకుండా పోతుందని చెప్పాను. ఇవ్వకపోతే ఇంకో సూరమ్మత్త మనవరాలు ఆసుపత్రిలో ఉంటుందని చెప్పాను. "ఏం చెప్పమంటారు మేడంగారికి?" అన్నాను.

బండిలోంచి కరిగిన ఐసు నీళ్ళు చుక్క చుక్కగా రోడ్డు మీద పడుతున్నాయి. ఎదురింట్లో సూరమ్మత్త దీపం పెట్టింది. పిల్ల ఒకటి సందులో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చింది. లిఖిత ఆయన భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది. జవాబు రాదని నాకు తెలుసు. లేచి అన్నం వడ్డిద్దామని మోకాళ్ళ మీద చేతులు ఆనించాను.

"తెలుస్తంది," అన్నారు.

గొంతు బొంగురుగా ఉంది, చాలాకాలంగా వాడని గొళ్ళెం తీసినట్టు. నేను లేవలేదు.

"ముక్కు గడ్డ కట్టిందన్నది ఉత్తి మాటే. మొదటి రోజు నించీ తెలుస్తానే ఉంది. రోజూ బండి ఊరంతా ఆ స్తంభాల పక్కనించే తిప్పుకొస్తన్నాను. ఐసు కరిగిపోతందని తిడతా ఉన్నారు." లిఖిత మణికట్టు తన మొహానికి ఆనించుకున్నారు. చాలాసేపు అలాగే ఉంచుకున్నారు. "ఆ రోజు బండిలో అడిగావు కదే వీరేణీ, వాసన తీసుకుంటే తరుగుద్దా అని."

"ఊఁ."

"తరగలేదు. ఇమ్మని చెప్పు."